ముక్తినాథ్ యాత్రకు మరో రెండు రోజులు

అమెరికాలోని మన తెలుగు సంఘంలో నేపాల్ యాత్ర గురించి అడుగుతున్నవారు ఈమధ్య పెరిగారు. వారిలో చాలామంది వెళ్లాలనుకునేది 108 దివ్యదేశాలనే విష్ణుక్షేత్రాల్లో ఒకటైన ముక్తినాథ్‌కే. ఇండియాలో గడిపే మూడు వారాల సెలవులోంచి నాలుగు రోజులు ఎలాగో మిగుల్చుకుని, అమ్మానాన్నలకు ఆ దర్శనం చేయించాలన్నది వారి ఆరాటం. నేనూ ఆ ఆరాటంతోనే వెళ్లాను కనుక చెబుతున్నాను: ఈ యాత్రను నాలుగు రోజుల్లో పెట్టుకోకండి. మరో రెండు రోజులు కలపడం కుదరకపోతే, ఈసారికి పశుపతినాథ్, పోఖరా చూపించి వెనక్కి తీసుకురండి.

పోఖరా సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంటే, ముక్తినాథ్ ఆలయం 3,700 మీటర్లు దాటిన చోట ఉంది. సముద్రతీరంలో మనకు అందే ప్రాణవాయువులో అక్కడ అందేది దాదాపు మూడింట రెండు వంతులే. కాలినడకన వెళ్లిన రోజుల్లో దారిలోనే ఒళ్లు అలవాటు పడేది. జీపు రోడ్డు పడ్డాక, పొద్దున పోఖరాలో బయల్దేరినవారు రాత్రికి ఆలయం కింద ఉన్న రాణీపౌవాలో పడుకుంటున్నారు. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని వైద్యులు చెబుతారు.

మా నాన్నగారికి అప్పటికి 71 ఏళ్లు. రాణీపౌవాలో ఆ రాత్రి తలనొప్పి అని అన్నం ముట్టలేదు, తెల్లవారుజామున వాంతి చేసుకున్నారు. "పైత్యం చేసిందిలేమ్మా, స్నానం చేస్తే సర్దుకుంటుంది" అన్నారు, మేమూ నమ్మేశాం. పరగడుపునే వెళ్లి, మంచులాంటి నీళ్లు పడే 108 ధారల కింద తల వంచుకుని నడవడం మొదలుపెట్టిన మనిషి, సగం కూడా దాటకముందే గోడ పట్టుకుని నిలబడిపోయారు. ఒళ్లు తుడిచి స్వెటర్ తొడిగాక, గుండీ పట్టుకుని అది ఏ కాజాలోకి వెళ్లాలో తెలియనట్టు చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. అప్పుడు నాకు భయం పట్టుకుంది. దర్శనం మాట పక్కన పెట్టి వెంటనే కిందికి బయల్దేరాం. 2,650 మీటర్ల ఎత్తున్న మార్ఫా చేరిన రెండు గంటలకు ఆయనే కాఫీ అడిగారు.

మన పెద్దలు తమ బాధను పిల్లలకు చెప్పరు. జీపు ఆపమని అడగడానికి మొహమాటపడి నీళ్లు తాగడం మానేస్తారు, దర్శనమయ్యేదాకా ఏమీ తినరు, ఎలా ఉందని అడిగితే బాగానే ఉందంటారు. కాబట్టి మీరే గమనించాలి: తిండి తగ్గిందా, మాట తడబడుతోందా, నాలుగడుగులు తూలకుండా వేస్తున్నారా? ఎత్తు పడక వచ్చే ఈ లక్షణాలు ముదురుతుంటే, దర్శనం దగ్గరపడినా సరే, కిందికి దించేయండి. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి వాడే డయామాక్స్ మాత్రల సంగతి బయల్దేరకముందే మీ డాక్టరుతో మాట్లాడాలి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివారు, గుండెజబ్బు ఉన్నవారు.

నేను చెప్పే పద్ధతి ఇది. మొదటి రాత్రి దారిలో ఉన్న తాతోపానీలో ఆగండి, తర్వాతి రెండు రాత్రులు మార్ఫాలోగానీ జోమ్‌సోమ్‌లోగానీ గడపండి. అక్కడి నుంచి పొద్దున్నే ముక్తినాథ్ వెళ్లి, సాయంత్రానికి కిందికి వచ్చేయండి. విమానంలో జోమ్‌సోమ్ చేరేవారికీ ఆ రెండు రాత్రులు అవసరమే. జోమ్‌సోమ్ ఉన్న కాలీగండకీ లోయలో మధ్యాహ్నానికి గాలి ఉధృతమవుతుంది కనుక విమానాలు పొద్దుటిపూటే నడుస్తాయి, వాతావరణం అనుకూలించకపోతే రద్దవుతాయి. అందుకే అమెరికా తిరుగు ప్రయాణాన్ని ఆ మర్నాటికే పెట్టుకోకూడదు.

పిల్లల వేసవి సెలవులని జూన్, జులై, ఆగస్టులలో వెళ్లడం నాకు అసలు సమ్మతం కాదు. అక్కడ అవి వానల రోజులు. 2024 జులైలో చిత్వన్ జిల్లాలో కొండచరియ విరిగిపడి, రెండు బస్సులు ప్రయాణికులతో సహా త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. దసరా నేపాలీలకూ పెద్ద పండుగ కావడంతో ఆ రోజుల్లో టికెట్లు దొరకడం కష్టం. కార్తీకమాసం అన్నివిధాలా మేలు.

మరొక్క విషయం. భారతీయ పాస్‌పోర్టు ఉన్న అమ్మానాన్నలకు వీసా అక్కర్లేదు, కానీ విమానంలో వెళ్లేటప్పుడు ఆధార్ కార్డును నమ్ముకోకుండా పాస్‌పోర్టే దగ్గర ఉంచుకోమనండి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనకూ మన పిల్లలకూ మాత్రం, భారత సంతతి విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, నేపాల్ వీసా కావాలి.

ఈ కార్తీకంలో నాన్నగారిని మళ్లీ తీసుకెళుతున్నాం. మార్ఫాలో మూడు రాత్రులకు గది మాట్లాడాం.