గౌరవ పరిశోధకుడికి పనేమిటి?

యూనివర్సిటీలో ఏ పదవికైనా ముందు ‘గౌరవ’ అని తగిలిస్తే చాలామందికి గుర్తొచ్చేది శాలువా, మెమెంటో, గ్రూప్ ఫొటో. రిటైరైన ఒక పెద్దాయనకు గది, తలుపు మీద పేరు. ప్రవాస అధ్యయనాల లైబ్రరీలో ఆ పదవి పెడితే మాత్రం కూర్చుని చేయాల్సిన పని బోలెడంత ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1996 నుంచే భారతీయ డయాస్పొరా (విదేశాల్లో స్థిరపడిన భారత సంతతి) అధ్యయన కేంద్రం ఉంది కాబట్టి, ఈ ఆలోచన అక్కడ మొదలైతే బాగుంటుంది.

మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 దాకా అలా డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతానికి వెళ్లిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసులోనే ఓడ ఎక్కారు. ఓడల జాబితాల్లో ఒక్కొక్కరికి ఒక్కో వరుస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చో గాటో.

అదంతా రోమన్ లిపిలో, గుమస్తా చెవికి వినబడినట్టు రాసింది. చికాకోల్ అంటే శ్రీకాకుళమని కంప్యూటర్ కూడా చెప్పేస్తుంది. పక్క గడిలోని ఊరి పేరు దగ్గరే వస్తుంది తంటా. చివర ఉండాల్సిన పేటో, వలసో, పాలెమో ఎగిరిపోయి ఉండొచ్చు. ఆ మొదటి సగం పేరుతో ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్లు ఉండొచ్చు. ఏ ఊరో తేల్చాలంటే ఇంటిపేర్లు, పాత రెవెన్యూ రికార్డులు, జమీందారీల ఎల్లలు ఎరిగిన మనిషి కావాలి. నన్నడిగితే, ఇవి తెలియని ప్రొఫెసర్ కంటే తెలిసిన రిటైర్డ్ తహసీల్దారే ఈ పదవికి తగినవాడు.

ఇదేదో ఉబుసుపోక చేసే వెతుకులాట అనుకోవద్దు. మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతికి మన ప్రభుత్వం ఇచ్చే జీవితకాల వీసా లాంటిది) ఇచ్చే వెసులుబాటును 2024లో ప్రకటించారు. అన్ని తరాలు వెనక్కి వెళ్లాలంటే ఆ దేశంలోనే మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న వలస రికార్డుల తలుపు తట్టాల్సిందే. అక్కడి కాగితంలోని ఊరిని ఇక్కడి ఊరితో కలిపేవాళ్లు ఇటువైపు ఎవరో ఒకరు ఉండాలి కదా.

బర్మా సంగతి ఇంకా కష్టం. కోరంగి, కాకినాడ, విశాఖల నుంచి రంగూన్ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది, కూలీలను కుదిర్చే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు మీద ఓడ ఎక్కినవాళ్లే. నటాల్‌లాగా మనిషికో వరుస రాసిపెట్టిన జాబితా వాళ్లకు లేదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ జరిగిన గొడవల్లో ప్రాణాలు పోయాయి. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే లక్షలాది భారతీయులు ఆ దేశం వదిలారు. వాళ్ల కథ కావాలంటే బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడిన విశాఖ బర్మా క్యాంపు లాంటి చోట్లకు వెళ్లి, ఇళ్లలో ట్రంకు పెట్టెలు తెరిపించాలి.

ఇక గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఇళ్లలో ఏజెంటుకు డబ్బు కట్టిన చీటీ, కంపెనీ వీసా అని చెప్పి అంటగట్టిన ఆజాద్ వీసా (యజమాని పేరుకే ఉంటాడు, పని సొంతంగా వెతుక్కోవాలి), భార్యకు పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఉంటాయి. ఫోన్ పాడైతే ఆ గొంతు పోయినట్టే. అలాగని దొరికిందల్లా నెట్‌లో పెట్టేయడమూ ప్రమాదమే. అక్కడ కాగితాలు లేకుండా బతుకుతున్న మనిషి పేరు, గొంతు బయటికొస్తే అతని మెడకే చుట్టుకుంటుంది. ఏది తెరవాలో, ఏది ఎన్నేళ్లు మూసి ఉంచాలో ముందే రాసిపెట్టుకోవాలి.

గౌరవ పదవికి జీతం ఉండదు, సరే. బస్సు చార్జీలు కూడా సొంతంగా పెట్టుకోమంటే, కూలీల చరిత్ర రాయించడానికి వెట్టి చేయించుకున్నట్టే. ప్రయాణ ఖర్చులు, ఒక సహాయకుడు, స్కానర్, రెండేళ్ల గడువు ఇవ్వాలి. బదులుగా కేటలాగులో కొత్తగా ఏం చేరిందో ఏడాదికోసారి జనానికి చూపించమనాలి.

డబ్బు ఎక్కడిదంటే, విరాళాలు చాలావరకు అమెరికా తెలుగువాళ్ల నుంచే రావొచ్చు. అందులో తప్పేం లేదు. అల్మారా మీద దాత పేరు రాసుకోనివ్వండి. లోపల ఏముండాలో కూడా దాతే చెప్పడం మొదలైతే మాత్రం విజయగాథలన్నీ పై అరలోకి, డర్బన్ చెరకు కూలీ, దుబాయ్ తాపీమేస్త్రీ అడుగు అరలోకి పోతారు. అందుకే ఎంపిక కమిటీలో దాతలు ఉండకూడదు. ఒక ఆర్కైవిస్టు, వలస కుటుంబాల మధ్య పనిచేసిన ఒకరు తప్పనిసరిగా ఉండాలి. మొదటి ఏడాది నటాల్ జాబితాల్లోంచి ఒక్క తాలూకా తీసుకుని ఊళ్లు తేల్చినా చాలు. మిగతా తాలూకాలకు ఎందరు మనుషులు, ఎంత డబ్బు కావాలో అప్పుడు లెక్క కట్టొచ్చు.