శాలువా కప్పి పక్కన కూర్చోబెట్టకండి

డిసెంబర్ వచ్చిందంటే చాలు, ఈ ఏడాది బెస్ట్ ఆల్బమ్స్ అని లిస్టులు మొదలవుతాయి. బ్లూస్, సోల్ అని అమెరికా నల్లజాతివాళ్ల పాటల పద్ధతులు ఉన్నాయి కదా, ఆ లిస్టులైతే నేను ఒక్కటి కూడా వదలను. చదివిన ప్రతిసారీ ఒకే దగ్గర ఒళ్లు మండుతుంది. డెబ్బై, ఎనభై ఏళ్ల వాళ్ల ఆల్బమ్ గురించి రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే "ఈ వయసులో కూడా" అని వచ్చేస్తుంది. ఇంక అయిపోయింది. ఆ మాట పడ్డాక పాట ఎలా ఉందో ఎవరూ రాయరు, ఎన్నేళ్ల నుంచి పాడుతున్నారో రాస్తారు, ఏడో నంబరో తొమ్మిదో నంబరో ఇచ్చి దండం పెట్టేస్తారు. మన పెళ్లిళ్లలో పెద్దాయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, ఫోటో దిగి, తర్వాత ఆయన భోంచేశాడో లేదో కూడా ఎవరూ కనుక్కోరు చూడండి, అచ్చం అదే.

2019 సంగతే తీసుకోండి. నాకు తెలిసి ఈ మధ్య కాలంలో బ్లూస్, సోల్‌కి అంత మంచి ఏడాది ఇంకోటి రాలేదు. మే 10న సోల్ గాయని మేవిస్ స్టేపుల్స్ ఆల్బమ్ 'వుయ్ గెట్ బై' వచ్చింది, సరిగ్గా వారం తిరిగేసరికి మే 17న బ్లూస్ గిటారిస్టు క్రిస్టోన్ కింగ్‌ఫిష్ ఇంగ్రమ్ మొదటి ఆల్బమ్ 'కింగ్‌ఫిష్' వచ్చింది. ఆవిడకి ఆ జులైకి 80 నిండుతాయి, మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ కుర్రాడికి అప్పటికి 20. ఆవిడ గురించి "ఈ వయసులో కూడా" అన్నవాళ్లే ఇతని గురించి "ఇంత చిన్న వయసులో" అన్నారు. అసలు ఆ ఆల్బమ్‌లోనే 'బీన్ హియర్ బిఫోర్' అని ఒక పాట ఉంది, వీడు ఇదివరకే ఓసారి ఈ లోకానికి వచ్చి వెళ్లినవాడు అని వాళ్లింట్లో పెద్దావిడ అనేదట. మన ఇళ్లల్లో పూర్వజన్మ వాసన అంటారు కదా, అలాగే. ఎలక్ట్రిక్ గిటార్ పక్కన పెట్టి నెమ్మదిగా పాడతాడు, వయసు లెక్కలు చూడొద్దని కుర్రాడే చెప్తున్నట్టు ఉంటుంది.

ఆ డిసెంబర్‌లో నేనూ ఫ్రెండ్స్‌కి ఒక లిస్టు పంపా. మొదటిది బ్రిటిష్ సోల్ గాయకుడు మైఖేల్ కివనూకా ఆల్బమ్ 'కివనూకా', రెండోది కింగ్‌ఫిష్, మూడోది అమెరికా గాయని బ్రిటనీ హోవర్డ్ 'జేమీ'. మేవిస్ ఆరో నంబర్. నేను కూడా శాలువానే కప్పా, అది తప్పు, అందుకే ఈ పోస్టు.

తప్పని ఎప్పుడు తెలిసిందంటే, 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. ఇయర్‌ఫోన్స్ పాడయ్యాయి, కొనడానికి షాపుల్లేవు. రాత్రి గిన్నెలు తోముతూ ఫోన్‌ని స్టీలు గ్లాసులో పెట్టి పాటలు వినేవాణ్ణి, గ్లాసులో పెడితే సౌండ్ కొంచెం పెరుగుతుంది కదా. కివనూకా పెట్టా. నవంబర్‌లో వచ్చిన ఆల్బమ్ అది, లిస్టు రాసేనాటికి నేను విన్నది ఐదారు వారాలు, అదీ మంచి హెడ్‌ఫోన్స్‌లో. ఆ స్ట్రింగ్స్, ఆ కోరస్, పొర మీద పొర పేర్చిన సౌండ్ అంతా గ్లాసులోకొచ్చేసరికి ముద్దయిపోయింది. గొప్ప ఆల్బమే, మరుసటి ఏడాది బ్రిటన్‌లో ఆల్బమ్‌లకిచ్చే మెర్క్యురీ ప్రైజ్ ఊరికే రాలేదు, కానీ నేను మొదటి నంబర్ ఇచ్చింది పాటలకా సౌండ్‌కా అని అప్పుడు డౌటొచ్చింది.

తర్వాత మేవిస్. 'హెవీ ఆన్ మై మైండ్' అని ఒక పాట, దాదాపు ఒక గిటారూ ఆవిడ గొంతూ, అంతే. గ్లాసులోంచి కూడా చెక్కుచెదరకుండా వచ్చింది. గొంతు అడుగున ఇసుక ఉన్నట్టు ఒక గరుకు, మాట చివర ఊపిరి అయిపోయే చోట ఆవిడ దాన్ని దాచదు, అక్కడే ఆగుతుంది, ఆ ఆగిన చోట గిటార్ ఒక్క తీగ మీటి ఊరుకుంటుంది. కుళాయి కట్టేసి నిలబడిపోయా. ఇరవై ఏళ్లప్పుడు ఆవిడ ఇలా పాడి ఉండగలిగేది కాదు, అప్పుడు ఊపిరి చాలా ఉండేది. వయసు వల్ల తగ్గిపోయిందని మనం జాలిపడేదే ఇక్కడ పాటకి ప్రాణం.

ఇంకోటి, బ్లూస్‌నీ సోల్‌నీ ఒకే లిస్టులో ఎందుకు కలుపుతావని అడుగుతుంటారు. మేవిస్ వాళ్ల నాన్న పాప్స్ స్టేపుల్స్ మిసిసిపీలో డాకరీ ప్లాంటేషన్‌లో పెరిగాడు, పాతకాలం బ్లూస్ గాయకుడు చార్లీ పాటన్ వాయించడం విని గిటార్ నేర్చుకున్నాడు. షికాగో వెళ్లి పిల్లలతో చర్చిల్లో గాస్పెల్ అనే భక్తి పాటలు పాడించాడు, మార్టిన్ లూథర్ కింగ్ సభల్లో పాడారు, తర్వాత స్టాక్స్ రికార్డు కంపెనీలో సోల్ పాటలు చేసి 1972లో అమెరికాలో నంబర్ వన్ కొట్టారు. ఒక్క ఇంట్లో ఇదంతా జరిగింది, ఇంక నేను ఎక్కడ గీత గియ్యాలి? 'వుయ్ గెట్ బై' అట్ట మీద ఉన్నది గోర్డన్ పార్క్స్ ఫోటో, 1956, అలబామాలో మొబైల్ అనే ఊరు. తెల్లవాళ్ల పిల్లలకి మాత్రమే అన్న పార్కుని కంచె బయట నిలబడి చూస్తున్న నల్లజాతి పిల్లలు, మొహాలు మనకి కనపడవు, వీపులే. లోపల మొదటి పాట పేరు 'చేంజ్'. అంటే 63 ఏళ్ల తర్వాత కూడా ఆవిడ అదే అడుగుతోంది. దీన్ని పట్టుకుని "లెజెండ్ నుంచి మరో మంచి ఆల్బమ్" అని రాస్తే కడుపు మండదా?

బ్లూస్ గాయకుడు జిమ్మీ డక్ హోమ్స్‌కీ ఇదే అన్యాయం. మిసిసిపీలో బెంటోనియా అనే చిన్న ఊళ్లో వాళ్ల అమ్మానాన్నా 1948లో పెట్టిన బ్లూ ఫ్రంట్ కేఫ్‌ని నడుపుకుంటూ, ఆ ఊరి పాత బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్ పద్ధతిలో ఆ దిగులు ట్యూనింగ్‌తో వాయించే మనిషి. 2019లోనే రాక్ గిటారిస్టు, ప్రొడ్యూసర్ డాన్ ఆవర్‌బాక్ ఆయనతో 'సైప్రస్ గ్రోవ్' అనే ఆల్బమ్ చేశాడు. ఆయన్ని మ్యూజియంలో వస్తువులా పరిచయం చేస్తారు, వింటే మాత్రం రాత్రిపూట ఒంటరిగా వినబుద్ధి కాదు, అంత భయం పుట్టిస్తుంది.

కాబట్టి నా 2019 లిస్టు ఇప్పుడు ఇది: మేవిస్ మొదటిది, పోటీ కూడా లేదు. తర్వాత 'జేమీ', అందులో 'గోట్ హెడ్' పాట ఒక్కటి చాలు, నల్ల నాన్న, తెల్ల అమ్మ, నాన్న కార్లో ఎవరో పడేసిన మేక తల, చిన్నప్పటి సంగతి అంత మామూలుగా పాడుతుంటే గుండె పట్టేస్తుంది. మూడు 'సైప్రస్ గ్రోవ్', నాలుగు కివనూకా, ఐదు కింగ్‌ఫిష్.

ఈ ఏడాది లిస్టు ఎప్పుడు పెడతావని ఇప్పటికే ముగ్గురు అడిగారు. డిసెంబర్‌లో పెట్టను. ఇంకో నాలుగు నెలలు స్టీలు గ్లాసులో పెట్టి వింటా, ఉగాదికి ఇస్తా.