షరతుల కాగితం గారికి, జెరాక్స్ షాపు నుంచి

శ్రీయుత షరతుల కాగితం గారికి,

తిరుపతి ఆర్టీసీ బస్టాండు దగ్గర జెరాక్స్, లామినేషన్, పాస్‌పోర్ట్ ఫోటోల షాపు నడుపుకునే ఒక తండ్రి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని నాకు తెలుసు. మొన్నామధ్య ఒక సోమవారం మిమ్మల్ని 42 కాపీలు తీసింది నేనే. స్కూలు అటెండరు తెచ్చి, "ముందూ వెనకా కొట్టన్నా, పోయినసారి నల్లగా వచ్చిందని మేడం అరిచింది" అన్నాడు. కొట్టిచ్చాను. చదవలేదు. మా పనిలో కాగితాన్ని చదవం, తిప్పుతాం. సాయంత్రానికి మీరే మా పాప బ్యాగులోంచి బయటికొచ్చి నా సంతకం అడిగారు.

తొమ్మిదో తరగతి, డిజిటల్ ఫోటోగ్రఫీ, విద్యార్థి నుంచి ఆశించేవి, కావలసినవి. హెడ్డింగు చూసి మురిసిపోయాను. ఇరవై రెండేళ్లుగా ఫోటోలు తీస్తున్నవాణ్ణి, ఇది మా ఇంటి సబ్జెక్టే కదా అనుకున్నాను. మీ 27 షరతులూ చదివాక తెలిసింది, ఇందులో నాకు పాస్ మార్కులు కూడా రావు.

మొదటి షరతు, మాన్యువల్ మోడ్ ఉన్న, అంటే సెట్టింగులన్నీ మన చేత్తో మార్చుకునే కెమెరా తేవాలి, ఫోన్ పనికిరాదు. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి షాపు కెమెరానే పంపుతున్నాను. మీ క్లాసు మంగళ, శుక్రవారాల్లో. ఆ రెండు రోజులూ ఫోటోలు తీయబడవని బోర్డు పెట్టాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు. మంగళవారం క్షవరం చేయించుకోనట్టే ఇదీ ఏదో పట్టింపు అనుకున్నారు. ఒక పెద్దాయన అయితే మెచ్చుకుని వెళ్లాడు.

పదకొండో షరతు దగ్గర నాకు నిజంగా బాధ కలిగింది. మనిషిని ఫోటో నడిమధ్యలో పెట్టకూడదట. ఫ్రేమును అడ్డంగా మూడు, నిలువుగా మూడు భాగాలు చేసి, గీతలు కలిసేచోట పెట్టాలట. అయ్యా, నా బతుకంతా నడిమధ్యే. 35 బై 45 మిల్లీమీటర్లు, వెనక తెలుపు, భుజాలు సమంగా, కళ్లు తెరిచి, నవ్వకుండా. ఫోర్ బై సిక్స్ పేపరు మీద అలాంటివి సరిగ్గా ఎనిమిది పడతాయి. పాప నా కటింగ్ బల్ల మీది ఫోటోలు చూసి "లైటు ఫ్లాటుగా ఉంది నాన్నా, నీడల్లేవు" అంది. నీడ పడితే ఆఫీసువాళ్లు వెనక్కి కొడతారమ్మా అంటే జాలిగా చూసింది. ఇదంతా మీ ఇరవై మూడో షరతు పుణ్యం. తోటివాళ్ల ఫోటో చూసి 'బాగుంది' అంటే మార్కుల్లేవు, ఎందుకు బాగుందో చెప్పాలి. ఇప్పుడు మా ఇంట్లో ఉప్మాను కూడా ఎవరూ ఉత్తినే బాగుందనడం లేదు.

ప్రతి అసైన్‌మెంటుకూ 36 ఫోటోలు తీసి కాంటాక్ట్ షీటు పెట్టమన్నారు. ఈ 36 ఎక్కడిదో మీకు తెలుసా? 35 ఎంఎం రీలులో 36 ఫోటోలు వచ్చేవి. కడిగిన రీలును ఆరబెట్టి, ఆరేసి ఫోటోల ముక్కలుగా కత్తిరించి, ఆ ఆరు ముక్కలనూ ఒకే పేపరు మీద పరిచి, చీకటిగదిలో లైటు కొడితే వచ్చేదే కాంటాక్ట్ షీటు. నెగెటివు పేపరుకు తగిలి ఉండేది కాబట్టి ఆ పేరు. నేను పని నేర్చుకున్నప్పుడు రీలులో ఒక్క ఫోటో పాడైనా ఓనరు ఆ డబ్బు జీతంలో పట్టుకునేవాడు, అందుకే బటన్ నొక్కేముందు ఊపిరి బిగబట్టేవాళ్లం. ఇప్పుడు రీలూ లేదు, చీకటిగదీ లేదు, 36 మాత్రం మిగిలింది. పాప ఒకే గేదెను అరనిమిషంలో 36 తీసి షీటు నింపేసింది. గేదె కదల్లేదు.

కెమెరాలోని మెమరీ కార్డు తీసుకెళ్లి ఈ ఫోటోలను ల్యాబు కంప్యూటర్లో ఎక్కించాలి. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా ఒక్క నలుపు తెలుపు ఫోటోను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుందట. ఆ లెక్కన 36 ఫోటోలకు పద్నాలుగు నిమిషాలు. మీ ల్యాబులో కంప్యూటరు ఆన్ కావడానికే అంతకన్నా ఎక్కువ పడుతోందని పాప చెప్పింది. ఆలస్యానికి రోజుకు 10 శాతం మార్కుల కోత మాత్రం పిల్లలకే.

పందొమ్మిదో షరతు ఎవరు రాశారో గానీ వాళ్లకు దండం. ఫోటోలో ఎగ్జిఫ్ సమాచారం చెక్కుచెదరకుండా ఉండాలి, అంటే ఏ కెమెరా, ఎంత షట్టరు వేగం, వెలుగు పట్టే ఐఎస్ఓ ఎంత, ఎన్ని గంటలకు తీశారు, అన్నీ. మంచిదే, దొంగ ఫోటో అక్కడే దొరికిపోతుంది. కానీ పక్క లైన్లోనే క్లాసు గ్రూపులో ఫోటో పెట్టమన్నారు. అలా గ్రూపులో ఫోటోగా పెడితే సైజు తగ్గి, ఆ సమాచారం మొత్తం దారిలోనే రాలిపోతుంది. డాక్యుమెంటుగా పంపాలి. మొదటి వారం క్లాసంతా దొంగలే అయ్యారు.

అసలు దొంగతనం సంగతి నేను ఎత్తకూడదనే అనుకున్నాను. ఏడో షరతులో మీరే ఎత్తారు. సొంతంగా తీసిన ఫోటోనే పెట్టాలి, ఎక్కడినుంచైనా కాపీ కొడితే సున్నా. పాప స్నేహితుడొకడు పూజగదిలో స్వామివారి పటాన్ని ఫోటో తీసి పెడితే, ఫోటోకు ఫోటో సొంత పని కాదని సున్నా వేశారు. కొండ మీద గుళ్లోకి ఫోన్లూ కెమెరాలూ రానివ్వరు, పటాన్ని కాక ఇంకెవర్ని తీస్తాడు? "స్వామికి సున్నా వేశారా!" అని వాళ్లమ్మ ఇంకా తేరుకోలేదు.

సరే, కాపీ నేరమే. నేను జెరాక్స్‌వాణ్ణి, కాపీ మొహం చూస్తే గుర్తుపడతాను. మిమ్మల్ని గాజు మీద పెట్టినప్పుడే అనుమానమొచ్చింది. ఎ4 కాగితం మీద మీ అడుగున అంత ఖాళీ ఎందుకుంది? స్కేలు పెట్టి కొలిచాను. మీరు పుట్టింది ఎనిమిదిన్నర బై పదకొండు అంగుళాల కాగితం మీద. అది అమెరికాలో వాడే కొలత. ఆ తర్వాత మీ అసైన్‌మెంట్లు చదివితే అన్నీ కలిశాయి. 'రంగు మారిన ఆకులు', 'తొలి మంచు', 'మీ లాకరు లోపలి దృశ్యం'. తిరుపతిలో లాకరంటే ఒకటి బ్యాంకుది, రెండోది యాత్రికులు చెప్పులూ ఫోన్లూ పెట్టుకునేది. అందరికీ తెలియాల్సిన ఫోటోగ్రాఫర్లంటూ మీరిచ్చిన జాబితాలో ఒక్క మన పేరు లేదు. ఆరో నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్ దయాళ్ కూడా లేడు.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. 'పొద్దుటి వెలుగు' అసైన్‌మెంటు ఏ దేశానిదైనా ఇక్కడ పనికొచ్చింది. 'కొండ వెనక సూర్యోదయం' అన్న మాట ఒక్కటే కుదరలేదు, మనకు కొండ ఉత్తరాన ఉంది. కానీ అందుకే పొద్దుటి ఎండ నేరుగా రాయి మీద పడుతుంది. చలికాలం ఆరున్నరకు కపిలతీర్థం దగ్గర నిలబడి చూశాను, ఎర్ర రాయి కాసేపు ఇటుక బట్టీలా మండి మామూలైపోయింది. ఇరవై రెండేళ్లుగా ఇదే ఊళ్లో ఉన్నాను, ఆ వేళకు ఎప్పుడూ షట్టరు ఎత్తుతూ ఉండేవాణ్ణి. షాపు షట్టరు.

ఇక పద్నాలుగో షరతు. మనిషి ఫోటో తీసేముందు అనుమతి తీసుకోవాలి, ఫారం మీద సంతకం చేయించాలి. గోవిందరాజస్వామి గుడి వీధిలో పూలు కట్టే పెద్దావిడ దగ్గరికి పాపను తీసుకెళ్లాను. బొటనవేలికి దారం తగిలించుకుని, కనకాంబరాలూ మరువం కలిపి కడుతోంది. మీ ఫారం రెండు పేజీల ఇంగ్లీషు. ఆమె తిప్పి తిప్పి చూసి, "యాడ ఏలిముద్ర ఏసేది పాపా? లోనుకా ఇది?" అంది. పాప నేల మీద కూర్చుని మొత్తం తెలుగులో చెప్పింది. ఆమె విని, "తీసుకో, నాకూ ఒకటి ఇయ్యాల" అంది.

ముందు షట్టరు వేగం సెకనులో 1/60వ వంతు పెట్టి తీస్తే వేళ్లు మబ్బుల్లా వచ్చాయి. 1/500కు పెంచితే ముడి పడుతున్న దారం పోగుతో సహా నిలిచింది. ఆమె ఫ్రేముకు ఎడమవైపు, కుడివైపంతా వీధి, గీతలు కలిసేచోటే కన్ను. మీకు నచ్చే ఫోటో.

ఆమెకు ఒకటి ఇవ్వాలని మీ 27 షరతుల్లో ఎక్కడా లేదు. వెనకవైపు కూడా చూశాను. స్కూలు చేయాల్సింది కూడా ఒక్కటీ లేదనుకోండి, అది వేరే సంగతి.

మరుసటి రోజు గ్లాసీ పేపరు మీద ప్రింటు వేసి తీసుకెళ్లాం. ఆమె దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "ఇదేంది, నన్ను పక్కకు తోసేసినారు?" అంది. పాప మూడు భాగాల సంగతి చెప్పబోయింది. "అదంతా నాకెందుకు పాపా. రేపు నేను పోయినాక గోడకు పెట్టాల గదా. నడిమజ్జన పెట్టి తియ్యి. కండ్లు తెరుచుకోనుండాల" అని చీర కొంగు సర్దుకుని, చేతిలో పూలు పక్కన పెట్టి, నిటారుగా కూర్చుంది.

పాప నా వైపు చూసింది. కెమెరా నేను తీసుకోలేదు. భుజాలు సమంగా ఉన్నాయో లేదో మాత్రం చెప్పాను.

ఆ ఫోటో కాంటాక్ట్ షీటులో 36వది. పదకొండో షరతు కింద దానికి ఎన్ని మార్కులు కోస్తారో కోసుకోండి. ఇరవై ఏడో షరతు ప్రకారం తండ్రి సంతకం కింద ఉంది. ఆమె వేలిముద్ర ఫారం జతచేశాను, ఒక జెరాక్స్ నా దగ్గర ఉంచుకున్నాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని తండ్రి