రెండు మార్కుల తేడా

బూడిద రంగులో ఇన్ని రకాలున్నాయని ఎంవీపీ కాలనీలో మా అక్కయ్య ఇంటికి రంగులు వేయించే వరకు మా కుటుంబంలో ఎవరికీ తెలియదు. అమెరికాలో ఉన్న మేనల్లుడు షెర్విన్ విలియమ్స్ కంపెనీ కార్డులు రెండు పంపాడు: ‘అగ్రీయబుల్ గ్రే’, ‘రిపోజ్ గ్రే’. గోడ మీద పడిన వెలుతురులో ఎంత తిరిగి వస్తుందో చెప్పే లెక్క ఒకటుంది. నలుపుకు 0, తెలుపుకు 100 అనుకుంటే మొదటి రంగుకు 60, రెండోదానికి 58 వచ్చాయి. ఉక్కు కర్మాగారం అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైన మా బావగారికి ఆ రెండు మార్కుల తేడా చాలు. గోధుమ ఛాయ ఉన్న మొదటిదే వెచ్చగా ఉంటుందని అక్కయ్య, లీలగా ఊదా తొంగిచూసే రెండోదే హుందాగా ఉంటుందని బావగారు పట్టుబట్టగా, ఆ ఛాయలేవీ కంటికి ఆనని నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టారు.

హాలు తూర్పుముఖంగా ఉంటుంది. పొద్దున్నే సముద్రం వైపు నుంచి ఎండ నేరుగా పడినప్పుడు గోడ మీద పూసిన రెండు నమూనాలకూ తేడా తెలియదు. రాత్రి 6500 కెల్విన్ తెల్లటి ట్యూబ్‌లైటు కింద బావగారి రంగు నీలానికి తిరుగుతుంది. దాన్ని ఆర్పి 2700 కెల్విన్ పసుపు బల్బు వేస్తే అక్కయ్య రంగు పాలెక్కువైన టీలా మారుతుంది. పైగా తడి ఎమల్షన్ ఆరాక కాస్త ముదురుతుంది, వానాకాలపు విశాఖ తేమలో అది ఒక పట్టాన ఆరదు గనుక తీర్పు రోజురోజుకూ వాయిదా పడింది. చివరికి హాలుకు అక్కయ్య రంగు, పడకగదికి బావగారి రంగు అని రాజీ కుదిరి, దుకాణంలోని యంత్రం కార్డులను చదివి ఆ రంగులు కలిపి ఇచ్చింది.

పని పూర్తయ్యాక, హాలు ఎంత వెచ్చగా ఉందో అక్కయ్య, పడకగది ఎంత హుందాగా ఉందో బావగారు వచ్చినవారందరికీ విడివిడిగా చూపించారు. ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డు జరిపినచోట పడిన మచ్చకు పూయడానికి మిగిలిన హాలు రంగు తెమ్మంటే, మేస్త్రి ఒకే ఒక బకెట్టు తెచ్చాడు. ఒకే రంగు డబ్బాల మధ్య కూడా లేశమంత తేడా రావచ్చు గనుక అన్నీ ఒకచోట పోసి కలపడం మంచి పనివాడి లక్షణమే. అతడు ఆ లక్షణాన్ని రెండు గదుల డబ్బాలకూ కలిపి చూపించాడు.

“మూతల మీద నంబర్లు వేరు కదయ్యా!” అన్నారు బావగారు.

“రంగొకటే కదండీ బాబుగారూ, నంబర్లతో మనకేం పని?” అన్నాడు మేస్త్రి.

సగటున 59 వస్తుందని బావగారు వెంటనే లెక్క తేల్చారు గాని, ఏ డబ్బాలోంచి ఎంత పోశాడో మేస్త్రికే గుర్తులేదు. బకెట్టు అడుగున మిగిలినదేమో అప్పటికే గట్టిపడింది. కార్డు చూపనిదే కొత్త డబ్బా కలపడం కుదరదని దుకాణంవారు అన్నారు. అక్కయ్య ఆ మచ్చ మీద సింహాద్రి అప్పన్న కేలండరు తగిలించి, ఏమైనా ఈ గదే వెచ్చగా ఉందని ఇప్పటికీ అంటోంది.