"జత మాత్రమే అమ్మబడును" అనే అట్టముక్క గారికి

అట్టముక్క గారూ, నమస్కారమండి.

రాజమండ్రి పెట్ షాపులో హ్యాంస్టర్ల (ఎలకలాంటి బుజ్జి పెంపుడు జంతువులండి) బోనుకి వేలాడుతున్న తమరికే ఈ ఉత్తరం. మొన్న ఎండలో అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా బస్సులో ఉడికిపోయి వస్తే, ఫోన్లో "రండి సార్, సింగిల్ ఇచ్చేస్తాం, రకాలన్నీ ఉన్నాయి" అన్న కుర్రాడు తమరి వంక వేలు చూపించి ఊరుకున్నాడు. ఓనరు గారు భోజనానికెళ్లారు కూచోండన్నాడు. కూచున్నాను. ఆయన భోంచేసి, ఓ కునుకు కూడా తీసినట్టున్నారు, తీరిగ్గా వచ్చి ఆయనా తమరినే చూపించారు.

సరే, జత అన్నారు, ఏ రకం జతండి? అది తమరి మీద లేదు. అడిగితే "హ్యాంస్టరేనండి, అన్నీ ఒకటే". ఎలా ఒకటే అవుద్దండి బాబూ? సిరియన్ 15 సెంటీమీటర్ల దాకా పెరుగుద్ది, ఓపిగ్గా మచ్చిక చేస్తే పిల్లల చేతిలో కూచుంటది. రోబోరోవ్‌స్కీ 5 సెంటీమీటర్లే, చూసి మురవడానికే గానీ పట్టుకుందామంటే దొరకదు. కాంప్‌బెల్, వింటర్ వైట్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండూ కలిసిపోయిన సంకరాలు కూడా అమ్మేస్తారు. ఆ వింటర్ వైట్ చలికాలంలో పగటిపొద్దు తగ్గితే తెల్లబడుద్ది, కోనసీమలో దానికి ఆ ముచ్చట ఎప్పుడు తీరాలో. చైనీస్‌కి కాస్త తోకుంటది. ఇదంతా రాయడానికి తమరి వెనకవైపు ఖాళీగానే ఉంది కదండి.

బోనులో ఉన్నవి మాత్రం నిక్షేపంగా సిరియన్ పిల్లలు. ఒకటి బుగ్గల్నిండా గింజలు కుక్కుకుని నా వంకే చూస్తంది, మా అమ్మాయికి అదొక్కటి చాలండి అన్నాను. "ఒక్కటైతే బెంగెట్టుకుంటదండి, తోడుండాలి." తోడంట! రెండు నెల్లు నిండితే ఆ తోడునే పీకి చంపుద్దండి అది. సంక్రాంతికి భీమవరంలో రెండు పుంజుల్ని బరిలో దింపి పాపం కబుర్లు చెప్పుకుంటాయిలే అన్నట్టుంది తమరి యవ్వారం. అసలు 1930లో సిరియా దేశంలో అలెప్పో దగ్గర గోధుమ పొలం తవ్వి తల్లినీ పిల్లల్నీ తీసి ఒకే డబ్బాలో పెడితే, ఆ తల్లి సొంత పిల్లనే చంపేసిందండి. ఇళ్లలో పెంచే సిరియన్లు దాదాపు అన్నీ ఆ మిగిలిన పిల్లల సంతానమే. అలాంటిదాన్ని జతగా అమ్ముతారా? పోనీ రెండూ ఆడవా మగవా అంటే అదీ తెలీదంట, ఆడా మగా అయితే 16 రోజుల్లో మా ఇంట్లో ప్రసూతి ఆసుపత్రి పెట్టుకోవాలి, ఆ పిల్లల్ని మళ్లీ తమరి కిందే వేలాడదీస్తారు కాబోలు.

అవి పరిగెత్తడానికి పెట్టిన చక్రం చూస్తే అరచేతంత, సిరియన్‌కి 28 సెంటీమీటర్లుండాలి లేకపోతే నడుం వంగిపోద్ది. బోనులో దూది పరిచారు, అది కాళ్లకి చుట్టుకుంటదని ఎవరికీ పట్టదు. రోహిణీ కార్తెలో పైన ఫ్యాను కూడా ఓనరు గారి కుర్చీ వైపే తిరిగుంది.

చివరాకరికి "రెండోది సగం రేటుకిస్తాం" అన్నారు. ఛీ! మర్యాద సంగతి తర్వాత, ఆ రెండోదాన్ని విడిగా వేరే బోనులో పెట్టండి ముందు. ఇవాళే పెట్టండి. మీ సగం రేటు మీ దగ్గరే ఉంచుకోండి, నాకు ఒక్కటే కావాలి, పూర్తి రేటిస్తాను, ఆ బుగ్గలదాన్ని ఎవరికీ ఇవ్వకండి.

ఇట్లు,
రకం చెప్పేదాకా వదలని కొనుగోలుదారు