బావగారి కరెంటు వైరు

మా బావ నలభై వేలు పెట్టి ఒక వైరు కొన్నాడు. స్పీకరు వైరు అనుకునేరు, అదీ కాదు. గోడ ప్లగ్గులోంచి యాంప్లిఫయర్‌కి కరెంటు మోసుకెళ్లే మీటరున్నర తాడు. బొటనవేలంత లావు, పైన నల్లటి వల తొడుగు, వచ్చింది మఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో. మా అక్క పెళ్లికి పెట్టిన గొలుసు కూడా ఇంత మంచి పెట్టెలో రాలేదు.

ఎక్కడో రామగుండంలో పుట్టిన కరెంటు కాకులు వాలిన తీగలు దాటి, వంగిన స్తంభాలు దాటి, చినుకు పడితే పేలే మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాటి వస్తుంది కదా. ఆ మైల అంతా ఈ ఆఖరి మీటరున్నరలో వదిలిపోతుందట. పుష్కర స్నానమన్నమాట.

ఇలాంటప్పుడే నాకు జూలియన్ హిర్ష్ గుర్తొస్తాడు. న్యూయార్క్ ఎలక్ట్రికల్ ఇంజనీరు. 1954లో స్నేహితులతో కలిసి ఆడియో పరికరాలను పరీక్షించే చిన్న పత్రిక పెట్టాడు. ఆ తర్వాత 'స్టీరియో రివ్యూ' పత్రికలో 1960ల మొదట్నుంచి 1990ల చివరిదాకా యాంప్లిఫయర్లూ స్పీకర్లూ టేప్ డెక్కులూ కలిపి వేలల్లో పరీక్షించాడు. ఆయన చేసిన ఘోరాలు ఇన్నీ అన్నీ కావు. కరెంటు అలల్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్ పెట్టి కొలిచేవాడు. డిస్టార్షన్, అంటే శబ్దం ఎంత చెడుతుందో, అంకెల్లో రాసేవాడు. రెండు యాంప్లిఫయర్ల మధ్య తేడా వినిపించకపోతే, వినిపించలేదనే రాసేవాడు! ఒక్కనాడూ ట్రాన్సిస్టర్‌లో వెన్నెల కనబడలేదు పాపం.

ఆయనకి నచ్చని సరుకే లేదని గిట్టనివాళ్లు వెక్కిరించారు. ప్రకటనలతో బతికే పత్రికలో అందరికీ పాస్ మార్కులేనా అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే, కాదనను. కానీ అడిగినవాళ్లు చేసిందేమిటి? మీటరు పక్కన పడేసి విశేషణాలు ఎత్తుకున్నారు. 1987లో అదే పత్రిక, యాంప్లిఫయర్ ఏదో చెప్పకుండా జనానికి పాటలు వినిపించింది. 220 డాలర్ల రిసీవర్ నుంచి 12,000 డాలర్ల ట్యూబ్ యాంప్లిఫయర్ దాకా పెట్టారు. చెవులున్నాయని పేరుపడ్డవాళ్లు కూడా బొమ్మా బొరుసా వేసినట్టే చెప్పారు. వైరు భక్తులు వెంటనే తీర్పిచ్చేశారు, తప్పు పరీక్షదేనని.

పోయిన ఆదివారం నా వంతు వచ్చింది. మే నెల మిట్టమధ్యాహ్నం ఫ్యాను ఆపేశాడు బావ. గాలి శబ్దం అడ్డమట. ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. తలుపులు మూశాడు. సోఫా సరిగ్గా మధ్యలో, తను చాక్‌పీస్‌తో గీత గీసిన చోట నన్ను కూలేశాడు.

"విను... ఆ వీణ వెనకాల ఖాళీ వినబడుతోందా?"

"ఖాళీ ఎలా వినబడుతుంది బావా?"

"కళ్లు మూసుకో."

మూసుకున్నాను. చెమట ముక్కు చివరిదాకా వచ్చి ఆగింది. వీణ వీణలాగే ఉంది. అదే మాట చెప్పాను. బావ నా వంక జాలిగా చూశాడు. "నీ తప్పు కాదులే. నీ చెవులు ఇంకా తయారవలేదు."

ఈ మాట నాకు కొత్త కాదు. 1990ల్లో మా నాన్న బోనస్ డబ్బుతో కోఠీలో ఒక స్టీరియో సెట్టు కొన్నాడు. అట్టపెట్టె మీద '1000 వాట్స్ పీఎంపీఓ' (క్షణంపాటు ఎగసే పవరు లెక్కట) అని మంటల బొమ్మ. వెనకాల అంటించిన చీటీ మీద మాత్రం అది లాగే కరెంటు 25 వాట్లు. చెంబెడు కుడితి తాగి బిందెడు పాలిచ్చే గేదె! వెయ్యి వాట్లకి కిటికీ అద్దాలు పగులుతాయని నాన్న వాల్యూమ్ రెండు దాటనిచ్చేవాడు కాదు. ఒకసారి ధైర్యం చేసి పెంచితే గరగరమంది. షాపుకి తీసుకెళ్తే కుర్చీలో వాడు లేవకుండానే అన్నాడు, "స్టీరియో వినడం అలవాటు లేదా పెద్దాయనా?" ఇలాంటి వాట్ల అబద్ధాలకి అమెరికాలో 1974లోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే సర్కారు సంస్థ ముక్కుతాడు వేసింది. వాట్లు చెప్పాలంటే ఎంత డిస్టార్షన్‌తో, ఆగకుండా ఎంత ఇస్తుందో చెప్పి తీరాలంది. ఇరవయ్యేళ్ల తర్వాత మా నాన్నకి మంటల బొమ్మ అమ్మారు. దొంగ సరుకు అంటగట్టారు సరే, పోనీ అనుకుందాం. కొన్నవాడి చెవులనే తప్పుపట్టి పంపిస్తారా? సిగ్గుండాలి! ఆ సాయంత్రం బస్సులో సెట్టు ఒళ్లో పెట్టుకుని ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. కొలిచి అంకె చెప్పే చప్పిడి ఇంజనీరు ఒక్కడుంటే చాలేది ఆ రోజు.

పాట అయ్యాక అన్నానికి కూర్చున్నాం. వైరు వచ్చినప్పట్నుంచీ రోజురోజుకీ వీణ విచ్చుకుంటోందని బావ చెబుతున్నాడు. అక్క గరిటె ఆపింది.

"ఆ లావు వైరా? బుధవారం మన రైస్ కుక్కర్ వైరు మాడిపోయింది. రెండింటి మూతీ ఒకటే, లావుగా కూడా ఉందని కుక్కర్‌కి పెట్టాను. మీ పెట్టెకి పాత కంప్యూటర్ వైరు తగిలించా. పాటలు వస్తూనే ఉన్నాయి కదా?"

బావ ముద్ద పళ్లెంలోనే ఉంది. కాసేపటికి మెల్లిగా అడిగాడు, "అన్నంలో ఏమైనా తేడా ఉందా?"

"పలుకు లేకుండా ఉడికింది. ఎప్పట్లాగే" అంది అక్క, చారు వడ్డిస్తూ.