పైన పటారం, లోన లొటారం

మూతపడ్డ ఫ్యాక్టరీని మ్యూజియం చేస్తామంటే మేం వద్దనే రకం కాదు, కూల్చేసి ఫ్లాట్లు కట్టి అమ్ముకోవడం కన్నా వందరెట్లు నయం. కానీ చాలాచోట్ల జరిగేదేంటి? ప్రకటన వచ్చీ రాగానే గ్యాస్ కట్టర్లు లోపలికి పోతాయి, మెషిన్లు తుక్కు కింద లారీలెక్కుతాయి, చివరికి నాలుగు గోడలూ ఒక పొగగొట్టం మిగిలితే వాటి ముందు నిలబడి వారసత్వాన్ని కాపాడేశాం అని ఫొటోలు దిగుతారు.

ఇదేంటని అడిగితే లండన్‌లోని టేట్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియాన్ని చూపిస్తారు. నిజమే, 1981లో మూతపడ్డ బ్యాంక్‌సైడ్ పవర్ స్టేషన్ 2000లో మ్యూజియం అయింది, సొంత కలెక్షన్ చూడ్డానికి టికెట్ కూడా లేదు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ టర్బైన్ హాల్లో టర్బైన్ ఏదండీ? 152 మీటర్ల పొడవు, 35 మీటర్ల ఎత్తున్న ఖాళీ, పేరొక్కటే మిగిలింది.

రోమ్‌లోని సెంట్రాలే మోంతెమార్తీనీ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. 1912 నాటి పవర్ ప్లాంటు అది. అదే ఊళ్లోని కాపిటోలిన్ మ్యూజియంలో రిపేర్లు జరుగుతున్నాయని 1997లో అక్కడి పాలరాతి విగ్రహాల్ని కొన్నాళ్లపాటు ఇక్కడ పెట్టారు, నల్లటి డీజిల్ ఇంజిన్ల పక్కన తెల్లటి దేవతలు ఎంత బాగా అమిరారంటే చాలామంది ఇక ఈ ప్లాంటులోనే ఉండిపోయారు. ఇంజిన్లు ఎవరికీ అడ్డం రాలేదు. జర్మనీలో ఎస్సెన్ నగరంలోని జోల్‌ఫెరైన్ బొగ్గు గనిలోనూ బొగ్గు కడిగే ప్లాంటులోనే రూర్ మ్యూజియం పెట్టారు, ఆ భారీ యంత్రాల మధ్యనుంచే జనం నడుస్తారు.

మెషిన్లు ఎందుకు తీసేస్తున్నారంటే ఆస్‌బెస్టాస్ ప్రమాదం, పెయింటింగులకి ఏసీ కావాలి, చోటు చాలదు అంటారు. సరే, ఆస్‌బెస్టాస్ తీయాల్సిందే, ఎవరు కాదన్నారు? దాని పేరు చెప్పి క్రేన్లు, కంట్రోల్ ప్యానెళ్లు, లాగ్‌బుక్కులు, ఆఖరికి షిఫ్టు బోర్డు కూడా తుక్కువాడికి తోసేయాలా? ఒకచోట ఇది చెల్లిందంటే రేపు ఇంకో మిల్లువాళ్లు దీన్నే చూపించి మా లోపలా ఖాళీ చేస్తాం అంటారు, ఎల్లుండి ఇంకొకళ్లు. తుక్కుకి పోయింది కరిగిపోతుంది, తప్పు తెలిసొచ్చాక తెచ్చుకుందామంటే దొరకదు.

ముప్పై ఏళ్లు ఆ మెషిన్ మీద పనిచేసినాయన మనవణ్ణి వెంటబెట్టుకొస్తే, నేనిక్కడ నిలబడేవాణ్ణిరా అని చూపించడానికి ఏం ఉంచారు, కాఫీ షాపులో ఇటుక గోడా? రిబ్బన్ కటింగ్ సంగతి తర్వాత, ముందు లోపల ఏమేం మెషిన్లున్నాయో లిస్టు రాసి గేటుకి అంటించండి.